ఎన్-400 ఆన్‌లైన్ సేవ: 710 డాలర్లు, ఐదేళ్ల లెక్క, అమ్మ ఎనిమిది నెలలు

అమెరికా పౌరసత్వం కోసం పెట్టుకునే ఎన్-400 దరఖాస్తును మా కుటుంబం మూడుసార్లు నింపింది. మొదటిది 2023 అక్టోబర్‌లో మా అమ్మ కోసం, డాలస్ శివార్లలో మనవాళ్ల కిరాణా దుకాణం పక్కనే ఉన్న, ఫారాలు నింపిపెట్టే ఒక ఆఫీసుకు డబ్బు కట్టి కాగితం మీద పంపించినది. రెండవది 2025 జూన్‌లో నా కోసం, మూడవది అదే ఏడాది నవంబర్‌లో మళ్లీ అమ్మ కోసం, పౌరసత్వ, వలస వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైటులో మేమే కూర్చుని నింపినవి. మొదటిది తిరస్కరణకు గురైంది, రెండవది నెగ్గింది, మూడవది నడుస్తోంది. డబ్బు తీసుకున్న ఆఫీసు సేవనూ వెబ్‌సైటు సేవనూ రెండింటినీ చూసినవాళ్లం కనుక, గ్రీన్ కార్డు చేతికొచ్చి నాలుగేళ్లు దాటినవారికి పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ఈ సేవలో కష్టమైన భాగం ఫారం నింపడం కాదని ముందే చెప్పాలి. ఎప్పుడు నింపాలన్నదే అసలు కష్టం. పేరు, చిరునామా, ఉద్యోగం వంటివి ఎవరైనా నింపగలరు. తేదీల లెక్క ఒక్క రోజు తప్పినా కట్టిన రుసుము తిరిగి రాదు.

లెక్క ఎక్కడ మొదలవుతుందో చూద్దాం. నేను 2007లో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద వచ్చాను, గ్రీన్ కార్డు వరుసలో నా స్థానాన్ని తేల్చే ప్రయారిటీ డేట్ 2009 నాటిది, గ్రీన్ కార్డు వచ్చింది 2020 సెప్టెంబర్ 15న. ఉద్యోగ కోటాలో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ 7 శాతానికి మించి వీసాలు దక్కకూడదన్న పరిమితి వల్ల మనవాళ్లకు ఈ నిరీక్షణ మామూలైపోయింది. అయితే ఆ పదమూడేళ్లలో ఒక్క రోజు కూడా పౌరసత్వం లెక్కలోకి రాదు. పన్నులు కట్టినా, ఇల్లు కొన్నా, పిల్లలు ఇక్కడే పుట్టినా గడియారం తిరగడం మొదలయ్యేది శాశ్వత నివాసి హోదా వచ్చిన రోజునే. ఆ తేదీ కార్డు ముందువైపున ‘రెసిడెంట్ సిన్స్’ అన్న మాటల దగ్గర ఉంటుంది. కార్డు గడువు ముగిసే తేదీని బట్టి వెనక్కి లెక్కపెట్టేవారు, తపాలాలో కార్డు అందిన రోజును గుర్తుపెట్టుకునేవారు నాకు తెలిసినవారిలోనే ఉన్నారు; ఆ రెండూ ఈ లెక్కకు పనికిరావు.

ఆ తేదీ నుంచి ఐదేళ్లు నిండాలి. అమెరికా పౌరుణ్ణి లేదా పౌరురాలిని పెళ్లాడి, మూడేళ్లుగా కలిసి కాపురం చేస్తూ, ఆ మూడేళ్లూ జీవిత భాగస్వామి పౌరులుగానే ఉండి ఉంటే, ఐదేళ్లకు బదులు మూడేళ్లు చాలు. పెళ్లి ద్వారా రెండేళ్ల షరతుతో కూడిన కార్డు వచ్చినవారికి ఆ రెండేళ్లు కూడా లెక్కలోకి వస్తాయి. వయసు 18 నిండాలి, దరఖాస్తు పెట్టే రాష్ట్రంలో కనీసం మూడు నెలలు నివాసం ఉండి ఉండాలి.

ఐదేళ్లు పూర్తిగా నిండేదాకా ఆగనక్కర్లేదు. 90 రోజుల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైటులో ఇందుకోసం ఒక చిన్న లెక్కింపు సాధనం ఉంది. తేదీ ఇస్తే అన్నిటికంటే ముందు దరఖాస్తు చేయదగిన రోజేదో చెబుతుంది. నా ఐదేళ్లు 2025 సెప్టెంబర్ 15కి నిండుతాయి కనుక, 2025 జూన్ 17 అని చూపించింది. వేళ్ల మీద లెక్కపెట్టి సరిచూసుకుని, ఇంకొక్క రోజు ఆగి 18న పంపాను. ఆ ఒక్క రోజుకు నా భార్య నవ్వింది గానీ, అమ్మ అనుభవం చూశాక నాకు తొందరపడే ధైర్యం లేదు. మూడేళ్ల నిబంధన కింద వచ్చేవారు ఇంకో మాట గుర్తుంచుకోవాలి: 90 రోజుల వెసులుబాటు నివాసం లెక్కకే గానీ కాపురం లెక్కకు కాదు, కలిసి ఉన్న మూడేళ్లు మాత్రం దరఖాస్తు నాటికే నిండి ఉండాలి.

ఇక్కడి వరకు వెబ్‌సైటు చక్కగా దారి చూపుతుంది. చిక్కంతా ప్రయాణాల దగ్గర మొదలవుతుంది.

చట్టం రెండు వేర్వేరు విషయాలు అడుగుతుంది: నిరంతర నివాసం, భౌతిక ఉనికి. ఈ రెండు మాటలూ విని చాలామంది ఒకటే అనుకుంటారు. నేను మా అమ్మకు చెప్పినట్టే చెబుతాను: మొదటిది నీ కాపురం ఎక్కడ ఉందన్న ప్రశ్న, రెండవది నీ మనిషి ఎక్కడ ఉందన్న ప్రశ్న. మనిషి లెక్క సులువు. ఐదేళ్లలో కనీసం 30 నెలలు, అంటే 913 రోజులు అమెరికా నేల మీద ఉండాలి. మూడేళ్ల నిబంధన వారికి అది 18 నెలలు, 548 రోజులు. విమానం ఎక్కిన రోజు, తిరిగి దిగిన రోజు రెండూ ఇక్కడ ఉన్నట్టే లెక్క. కాపురం లెక్క అలా కూడికలతో తేలదు. ఒకే ప్రయాణంలో ఆరు నెలలకు మించి, ఏడాదికి లోపు బయట ఉంటే నివాసం తెగిపోయిందని ముందుగానే అనుకుంటారు. తెగలేదని నిరూపించుకోవలసిన భారం దరఖాస్తుదారుదే. ఏడాది, అంతకు మించి ఉంటే, ప్రభుత్వ ఉద్యోగం వంటి కొద్ది సందర్భాల్లో ముందే ఎన్-470 ద్వారా అనుమతి తెచ్చుకున్నవారికి తప్ప, తెగిపోయినట్టే. అంచేత ఐదేళ్లలో ఒకేసారి ఏడు నెలలు ఊళ్లో ఉండి వచ్చినవారు మనిషి లెక్కలో హాయిగా నెగ్గి, కాపురం లెక్కలో చిక్కుకోవచ్చు. ఏటా ఐదేసి నెలలు వెళ్లివచ్చేవారు రెండు లెక్కల్లోనూ అంకెల ప్రకారం నెగ్గినా, ఇంతకీ మీ ఇల్లు ఎక్కడ అని అధికారి అడిగే వీలుంది.

ఈ నిబంధన తగిలేది ఎక్కువగా ఉద్యోగాలు చేసుకునేవారికి కాదు, పిల్లల ద్వారా గ్రీన్ కార్డు వచ్చిన మన అమ్మానాన్నలకు. వాళ్లు సంక్రాంతికి వెళ్తారు, ఎవరిదో పెళ్లి ఉందని మాఘమాసం దాకా ఉంటారు, మామిడిపళ్లు వచ్చేశాయి కదా అని మరో రెండు నెలలు, ఈలోగా పొలం కౌలు మాట తేలలేదని ఇంకొంత. ఆరు నెలలు ఎప్పుడు దాటిందో ఎవరూ చూడరు. విమానాశ్రయంలో అధికారి కార్డు చూసి లోపలికి పంపేశాడు కాబట్టి అంతా సవ్యంగానే ఉందనుకుంటారు. లోపలికి రానివ్వడం గ్రీన్ కార్డుకు సంబంధించిన మాట. పౌరసత్వపు లెక్కలో ఆ ప్రయాణం ఏమవుతుందన్నది అక్కడ తేలదు. ఎక్కువకాలం బయట ఉండి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి పత్రం, రీఎంట్రీ పర్మిట్, తీసుకుంటే రెండేళ్ల వరకు కార్డు నిలబడుతుందన్నది నిజమే, కానీ అది నిరంతర నివాసాన్ని కాపాడదు.

అమ్మ విషయం సరిగ్గా ఇదే. అక్క పౌరురాలు కావడంతో అమ్మకు 2018 అక్టోబర్‌లో గ్రీన్ కార్డు వచ్చింది. 2020 జనవరి 8న సంక్రాంతికని గుంటూరు వెళ్లి, ఏప్రిల్‌లో తిరిగి రావలసినది, మార్చిలో అంతర్జాతీయ విమానాలు ఆగిపోవడంతో చిక్కుకుపోయి సెప్టెంబర్ 14న వచ్చింది. దాదాపు 250 రోజులు. 2023లో ఐదేళ్లు నిండగానే మేము ఆ ఆఫీసుకు వెళ్లాం. అక్కడి ఆయన కార్డు చూసి, ‘ఐదేళ్లయిపోయాయమ్మా, ఇక చూసేదేముంది’ అన్నాడు. ప్రయాణాల జాబితా రాయించుకున్నాడు గానీ ఆ 250 రోజుల దగ్గర కలం ఆగలేదు. అప్పటి రుసుము వేలిముద్రలతో కలిపి 725 డాలర్లు. ఆఫీసు వారి కూలి అదనం. ఇంటర్వ్యూలో అధికారి ఆ ప్రయాణం గురించి అడిగి, నివాసం తెగలేదని చూపే ఆధారాలు గడువులోగా పంపమన్నారు. ఆఫీసు వారు తిరుగు టికెట్టు నకలు ఒక్కటి జతచేసి, నాలుగు వాక్యాల ఉత్తరం పంపి ఊరుకున్నారు. విమానం రద్దయిన సమాచారం, అక్క ఇంట్లో అమ్మ పేరున ఉన్న వైద్య బీమా, బ్యాంకు ఖాతా, పన్ను రిటర్నులు, ఇవన్నీ మా దగ్గర ఉన్నాయి. అడిగితే ఒక్క సాయంత్రంలో ఇచ్చేవాళ్లం. అవి చేరి ఉంటే ఫలితం మారేదని నేను కచ్చితంగా అనలేను గానీ, అడగకపోవడం మాత్రం వారి తప్పే. తిరస్కరణ ఉత్తరం అందిన 30 రోజుల్లోగా పునర్విచారణ కోరవచ్చని తెలిసినా, చేయి కాలిన అమ్మ ఒప్పుకోలేదు.

ఈ ఆఫీసుల గురించి నా అభిప్రాయం దాచుకోను. వారు న్యాయవాదులు కారు; ఫారం నింపడం తప్ప సలహా ఇచ్చే అర్హత వారికి లేదు. మీ లెక్క సూటిగా ఉంటే వారి అవసరం మీకు రాదు. లెక్కలో మెలిక ఉంటే, అంటే ఆరు నెలలు దాటిన ప్రయాణం, పోలీసు కేసు, పన్నుల బాకీ, పాత వీసా చిక్కులు వంటివి ఉంటే, వారితో పని జరగదు, ఇమిగ్రేషన్ లాయరు కావాలి. రెండు విధాలా ఆ డబ్బు దండగే.

వెబ్‌సైటు మాటకొస్తే, ఐదింటికి నాలుగు మార్కులు వేస్తాను. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితం మీద 760. వేలిముద్రల రుసుము ఇందులోనే కలిసి ఉంది. ఆదాయం తక్కువగా ఉన్న కుటుంబాలకు 380 డాలర్ల తగ్గింపు రుసుము, ఇంకా తక్కువ ఉంటే పూర్తి మినహాయింపు కోరే వీలు ఉన్నాయి. ఖాతా తెరవడం ఉచితం, సగం నింపి ఆపవచ్చు, రసీదు వెంటనే ఖాతాలో కనిపిస్తుంది, ఆ తర్వాత వచ్చే నోటీసులన్నీ అక్కడే చదువుకోవచ్చు. కార్డు రెండు వైపులా ఫోటో తీసి జతచేయడం, ఐదేళ్ల చిరునామాలు, ఉద్యోగాలు రాయడం ఒక శనివారం పని. ఐదో మార్కు ఎందుకు వేయలేదంటే, 90 రోజుల లెక్కింపు సాధనం తేదీని మాత్రమే చూస్తుంది. మీ ప్రయాణాల సంగతి దానికి తెలియదు. దాని నోటి నుంచి తేదీ వచ్చింది కదా అని అర్హత ఉన్నట్టు భావించకూడదు.

ప్రయాణాల జాబితాకు మాత్రం శనివారం చాలదు. 24 గంటలకు మించిన ప్రతి విదేశీ ప్రయాణమూ రాయాలి, మెక్సికోలోని కాంకున్‌కు వెళ్లిన నాలుగు రోజులు కూడా. ఇందుకు నాకు అన్నిటికంటే ఉపయోగపడినది నా భారత పాస్‌పోర్టే. శంషాబాద్‌లో వేసిన రాకపోకల ముద్రలు వరుసగా ఉన్నాయి. టికెట్ల ఈమెయిళ్లతో కలిపి చూస్తే ప్రతి తేదీ తేలింది. పాస్‌పోర్టు మార్చుకున్నవారు పాతది పారేయవద్దని మనవి.

‘ఎప్పుడైనా’ అని మొదలయ్యే ప్రశ్నల దగ్గర కూడా నిదానించాలి. ఎప్పుడైనా అమెరికా పౌరులమని చెప్పుకున్నారా, ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా అని అడుగుతారు. డ్రైవింగ్ లైసెన్సు కోసం వెళ్లినప్పుడు కౌంటరులో అడిగినదానికి తల ఊపి, తెలియకుండానే ఓటరుగా నమోదైనవారి కష్టాలు చిన్నవి కావు. అటువంటిది ఉంటే దరఖాస్తుకు ముందే లాయరుతో మాట్లాడాలి. 18 నుంచి 26 ఏళ్ల మధ్య గ్రీన్ కార్డుతో ఉన్న మగపిల్లలు సెలెక్టివ్ సర్వీసులో, అంటే అవసరమైతే సైన్యంలోకి పిలిచేందుకు ప్రభుత్వం ఉంచుకునే జాబితాలో, నమోదు కావలసి ఉంటుంది. ఆ వయసంతా చదువు, ఉద్యోగ వీసాల మీద గడిపినవారికి ఆ బాధ్యత లేదు. గ్రీన్ కార్డు ఉండి, పన్ను రిటర్నులో నాన్ రెసిడెంట్‌నని రాసుకున్నవారు కూడా సమాధానం సిద్ధం చేసుకోవాలి.

మన తెలుగువారికి ప్రత్యేకంగా పనికొచ్చే వెసులుబాటు ఒకటి ఈ ఫారంలో ఉంది: పేరు మార్పు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టుతో వచ్చి, పేరంతా ఇంటిపేరు గడిలోకి చేరి, ముందు గడిలో ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే సొంత పేరు తెలియదు) అని పడి, డ్రైవింగ్ లైసెన్సు నుంచి బ్యాంకు దాకా ఆ మూడక్షరాలే తమ పేరుగా బతికినవారు మనలో చాలామంది. ఎన్-400లోనే కొత్త పేరు కోరితే, న్యాయమూర్తి సమక్షంలో జరిగే ప్రమాణ స్వీకారంలో ఆ మార్పు చట్టబద్ధమవుతుంది. అందుకోసం విడిగా కోర్టు రుసుము కట్టనక్కర్లేదు. అయితే ప్రమాణం కోర్టులోనే జరగాలి కాబట్టి, తేదీ కొంత ఆలస్యం కావచ్చు.

ఇంటర్వ్యూలో అమెరికా చరిత్ర, ప్రభుత్వం మీద ప్రశ్నలడిగే పరీక్ష గురించి చెప్పాలంటే, అమ్మకూ నాకూ వేర్వేరు పరీక్షలు వచ్చాయి. నేను చదివినది 2008 నాటి 100 ప్రశ్నల జాబితా. పది అడుగుతారు, ఆరు చెబితే చాలు. 2025 అక్టోబర్ 20 నుంచి దరఖాస్తు పెట్టినవారికి 128 ప్రశ్నల కొత్త జాబితా, ఇరవై వరకు అడుగుతారు, పన్నెండు సరిగా చెప్పాలి. పన్నెండు ఒప్పులో తొమ్మిది తప్పులో రాగానే ఆపేస్తారు. అమ్మ 250 రోజుల ప్రయాణం ఐదేళ్ల పరిధి నుంచి పూర్తిగా బయటపడేవరకు ఆగుదామని మేము 2025 నవంబర్ దాకా నిలిచాం. నిజానికి తిరిగి వచ్చిన తేదీ నుంచి నాలుగున్నరేళ్లు దాటితే, ఆ ప్రయాణంలో ఐదేళ్ల పరిధిలోకి వచ్చే భాగం ఆరు నెలలకు మించదు కనుక, ఆ వసంతంలోనే పెట్టుకోవచ్చు. మా అతిజాగ్రత్త వల్ల అమ్మ మీద మరో 28 ప్రశ్నలు పడ్డాయి.

అమ్మ దానికి బాధపడలేదు. ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పిన మనిషి, మళ్లీ నోట్సు రాసుకుంటోంది. వీళ్ల రాజ్యాంగానికి ఇన్నేళ్లలో సవరణలు 27 మాత్రమేనని తెలిసి, మనకు 2023 నాటికే 106 అయ్యాయని గుర్తుచేసి, ‘వీళ్లదీ అదే మొదటి మాట, మనం కూడా భారత ప్రజలమైన మేము అనే కదా మొదలుపెట్టాం’ అని ముచ్చటపడింది. ఆమెకు చిక్కు ఇంగ్లీషు వినడంలో ఉంది. చదివి వినిపించడానికి మూడు వాక్యాల్లో ఒకటి, రాయడానికి మూడింటిలో ఒకటి సరిగ్గా వస్తే చాలు గానీ, మాట్లాడే పరీక్ష అంటే ఫారంలోని ప్రశ్నలకే అధికారికి జవాబు చెప్పడం. యాభై ఏళ్లు దాటి 20 ఏళ్లుగా, లేదా 55 దాటి 15 ఏళ్లుగా గ్రీన్ కార్డుతో ఉన్నవారు ఇంగ్లీషు పరీక్ష లేకుండా దుభాషితో తమ భాషలోనే పౌరశాస్త్రపు ప్రశ్నలకు జవాబివ్వవచ్చు. అమ్మకు 62 ఏళ్లున్నా కార్డు వయసు చాలదు. మొదటిసారి తప్పినవారికి 60 నుంచి 90 రోజుల లోపల, తప్పిన భాగం వరకే రెండో అవకాశం ఇస్తారు.

నా ఇంటర్వ్యూ ఇరవై నిమిషాల్లో ముగిసింది. ఆరు ప్రశ్నలకు వరుసగా జవాబు చెప్పగానే అధికారి పరీక్ష ఆపి, ఫారం తిరగేసి, ప్రయాణాల జాబితా దగ్గర రెండు తేదీలు అడిగారు. కొద్ది వారాలకు ప్రమాణ స్వీకారం. అక్కడ గ్రీన్ కార్డు తీసుకుని పౌరసత్వ పత్రం ఇస్తారు.

ఆ మధ్యాహ్నం నుంచి చేతిలో ప్రయాణానికి పనికొచ్చే కాగితం ఏదీ ఉండదన్న సంగతి ముందే తెలుసుకోవాలి. భారత పౌరసత్వ చట్టం, 1955 లోని 9వ సెక్షన్ ప్రకారం, స్వచ్ఛందంగా మరో దేశపు పౌరసత్వం పుచ్చుకున్న క్షణంలోనే మన పౌరసత్వం పోతుంది. ఆ తర్వాత పాత పాస్‌పోర్టు వాడటం నేరం. అమెరికా పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టి, అది వచ్చాక భారత పాస్‌పోర్టును అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకుని, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డుకు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఇదంతా నెలల మాట కనుక, ప్రమాణం జరిగిన నెలలో ఇండియాకు టికెట్లు కొనుక్కోవద్దు. పొలం సంగతి కూడా పదిమంది పదిరకాలుగా చెబుతారు: ఓసీఐ ఉన్నవారు వ్యవసాయ భూమి కొనకూడదన్నది నిజమే గానీ, ఎన్నారైగా ఉన్నప్పుడు కూడా కొనకూడదు, వారసత్వంగా వచ్చేదానికి రెండు దశల్లోనూ అడ్డు లేదు. పోయేది ఓటు.

పద్దెనిమిదేళ్ల లోపు గ్రీన్ కార్డు పిల్లలు, తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులు కాగానే, వారి సంరక్షణలో ఇక్కడే ఉంటున్నట్లయితే తామూ పౌరులైపోతారు. వారికోసం వేరే ఎన్-400 పెట్టేవారిని చూశాను, అది అనవసరం. నేరుగా పాస్‌పోర్టుకు వెళ్లవచ్చు.

అమ్మ దరఖాస్తుకు వేలిముద్రల నోటీసు ఖాతాలో కనబడింది, ఇంటర్వ్యూ తేదీ ఇంకా రాలేదు. ఈసారి సంక్రాంతికి వెళ్తానంది. వెళ్లమనే అన్నాం గానీ, తిరుగు టికెట్టు మాత్రం కూర్చుని రోజులు లెక్కపెట్టి నేనే కొన్నాను.